కష్టాల్లో పెరిగే పిల్లలతో మెలగడం: టీచర్లకు, వార్డెన్లకు, అవ్వాతాతలకు

తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే పిలగాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు. నాలుగుసార్లు పిలిచినా పలకని పిల్ల ఉంటుంది. పక్కవాడి మోచేయి తగిలితే చాలు కలబడేవాడుంటాడు. వీళ్లకు మన దగ్గర పేర్లు తయారుగా ఉంటాయి: మొద్దు, మొండి, రౌడీ. చిన్నతనంలో పడ్డ కష్టం మనిషి మీద ఎన్నేళ్లు, ఎట్లా పనిచేస్తుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులూ డాక్టర్లూ దశాబ్దాలుగా తవ్వి చూస్తున్నారు. అది చదివినవాళ్లకు ఈ పేర్లు పెట్టడం అంత తేలిక కాదు. నల్లగొండ, పాలమూరు వైపు బడుల్లో, గురుకులాల్లో, అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్లకూ, వలసపోయిన కొడుకు పిల్లలను సాకుతున్న అవ్వాతాతలకూ ఆ పరిశోధనలో పనికొచ్చేదేదో, పనికిరానిదేదో, చేతల్లో ఏం చేయాలో రాస్తున్నాం.

పది ప్రశ్నల లెక్క

అమెరికాలో శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు 1980లలో లావు తగ్గించే క్లినిక్ నడిపేవాడు. అక్కడొక వింత. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి పోతున్నారు. ఆరా తీస్తే వాళ్లలో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లని బయటపడింది. ఆ తర్వాత ఆయన, రాబర్ట్ ఆండా కలిసి, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తోడుగా, 1995 నుంచి 1997 దాకా 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో అచ్చయ్యాయి.

అడిగింది 18 ఏళ్లలోపు జరిగిన వాటి గురించి. తిట్లూ అవమానాలూ, కొట్టడం, లైంగిక హింస, తల్లిని కొట్టడం, ఇంట్లో తాగుడు లేదా మత్తు, ఇంట్లో మానసిక జబ్బు లేదా ఆత్మహత్యాయత్నం, ఇంట్లోవాళ్లు జైలుకు పోవడం. మొదట ఈ ఏడే. ప్రేమగా పట్టించుకోకపోవడం, తిండీబట్టా చూడకపోవడం, తల్లిదండ్రులు విడిపోవడం తర్వాత కలిశాయి. ఒక్కో రకానికి ఒక మార్కు, మొత్తం పది. సగానికి పైగా మందికి కనీసం ఒక మార్కుంది. ఏ ఒక్కటీ లేనివాళ్లతో పోలిస్తే, నాలుగు అంతకు మించి ఉన్నవాళ్లలో తాగుడు వ్యసనం, మత్తు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయం జబ్బు కూడా మార్కులతో పాటే మెట్టుమెట్టుగా పెరిగాయి.

ఎందుకు? భయం వేస్తే గుండె దడదడలాడుతుంది, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కుతుంది, భయం తీరాక దిగుతుంది. పరీక్ష రోజు, సూది వేయించుకున్న రోజు జరిగేది ఇదే, దానితో నష్టమేమీ లేదు. దగ్గరి మనిషి చనిపోయినా, పక్కన పట్టుకునే మనిషుంటే పిల్లలు మెల్లగా తేరుకుంటారు. రోజూ రాత్రి గొడవ జరిగే ఇంట్లో, దగ్గరికి తీసుకునేవాళ్లు లేకపోతే, ఆ కార్టిసాల్ సరిగ్గా దిగదు. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. ధ్యాస నిలపడం, కోపం ఆపుకోవడం చూసుకునే ముందరి మెదడు వెనకబడుతుంది. లెక్కలు చెబుతుంటే కిటికీ వైపు చూసే పిల్లల్లో కొందరి సంగతి ఇదే. వాళ్లు వింటూనే ఉంటారు, పాఠాన్ని మాత్రం కాదు, వరండాలో అడుగుల చప్పుడును. పెద్దయ్యాక ఈ అలజడిని అణచడానికే చాలామంది బీడీ, మందు, అతి తిండి పట్టుకుంటారు. ఒళ్లు పాడవడానికి సగం దారి అక్కడే పడుతుంది.

ఆ లెక్కలో పాలమూరు పట్టదు

ఆ సర్వేలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు. వాళ్ల ప్రశ్నలు వాళ్ల జీవితానివి. దసరా తర్వాత గుంపు మేస్త్రీ వెంట అమ్మానాయన ముంబయి పోతే, వానలదాకా పిల్ల అవ్వ దగ్గరుంటే, ఆ పదింటిలో అది ఎక్కడా రాదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయిన తండ్రిని మోసుకుంటూ పెరిగిన పిల్లకు మార్కు లేదు. గద్వాల పత్తి విత్తనం చేన్లలో క్రాసింగ్‌కు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, పోయిన పిల్లకూ లేదు. కులం పేరుతో వేరుగా కూర్చోబెట్టడం అసలే లేదు. అప్పుల బాధతో తండ్రి పురుగుమందు తాగితే మాత్రం ఒక మార్కు పడుతుంది, అదీ ఆత్మహత్య అనే గడిలో. అప్పుకు గడి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత వేరే ప్రశ్నాపత్రం తెచ్చింది. అందులో తోటిపిల్లల వేధింపు, ఊళ్లో హింస, మూక హింస కలిపారు. అది కూడా 18 నిండినవాళ్లను అడగడానికే. మన దగ్గరి వివరాలు కావాలంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల యంగ్ లైవ్స్ అధ్యయనం ఉంది. 2002లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 3 వేల మంది పిల్లలతో మొదలైంది, మహబూబ్‌నగర్ జిల్లా కూడా అందులో ఉంది. అందులో ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే మూడొంతుల మందికి పైగా, గడిచిన వారంలోనే టీచరు చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. కేంద్ర ప్రభుత్వం 2007లో అచ్చేసిన 13 రాష్ట్రాల అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింస, సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నట్టు చెప్పారు. లైంగిక హింస ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పిల్లలకు మార్కులు వేయొద్దు

వాట్సాప్‌లో తిరిగే పది ప్రశ్నల కాగితాన్ని జిరాక్సు తీసి ఎనిమిదో తరగతికి పంచే ఉత్సాహవంతులుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి కారణం, అది గుంపుల లెక్క. నాలుగు మార్కులున్న వెయ్యిమందిలో జబ్బులు ఎక్కువని చెప్పగలదు గానీ, మీ ముందున్న ఒక్క పిల్లకు ఏమవుతుందో చెప్పలేదు. ఆ సర్వే చేసిన ఆండా స్వయంగా 2020లో ఇదే మాట రాశాడు, ఈ మార్కు ఒక్కొక్క మనిషిని జల్లెడ పట్టడానికి కాదని. బ్రిటన్, న్యూజీలాండ్ పిల్లలను చిన్నప్పటి నుంచి గమనించిన రెండు అధ్యయనాల వివరాలతో 2021లో వచ్చిన పరిశోధన కూడా దాన్నే రుజువు చేసింది.

రెండో కారణం, ఆ మార్కు ఎంత తీవ్రంగా, ఎన్నేళ్లు, ఏ వయసులో అన్నది చూడదు. ఒకసారి చెంపదెబ్బ తిన్న పిల్లకూ పదేళ్లు బెల్టుతో దెబ్బలు తిన్న పిల్లకూ ఒకటే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కాగితం మీద పిల్ల నిజం రాస్తే, ఆ తర్వాత మీరేం చేస్తారు? ఏమీ చేయలేనప్పుడు అడగడం ఆ పిల్లను మళ్లీ ఒంటరిని చేయడమే. లైంగిక హింస అని రాస్తే, పిల్లలను లైంగిక హింస నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం మీరు ఫిర్యాదు చేసి తీరాలి. ఆ సంగతి పిల్లకు తెలియకుండా రాయించుకోవడం మోసం.

ఇంకా ఒక మాట. హింస అనుభవించిన పిల్ల పెద్దయ్యాక హింస చేస్తుందని ఊళ్లో అనుకుంటారు. ముప్పు కొంత పెరిగే మాట నిజం, కానీ ఎక్కువమంది అట్లా మారరు. హవాయి దీవుల్లో కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాలు గమనించారు. పేదరికం, తాగుడు, గొడవలు లాంటివి నాలుగు, అంతకు మించి కలిసి మీదపడ్డ పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లందరిలో కనిపించిన ఒక పోలిక: తల్లిదండ్రులు కాకపోయినా సరే, అవ్వో, మేనత్తో, టీచరో, విడవకుండా పట్టుకున్న ఒక పెద్ద మనిషి.

2019లో విస్కాన్సిన్ రాష్ట్రంలో 6,188 మంది పెద్దవాళ్ల మీద వచ్చిన పరిశోధన దీన్ని ఇంకా విడదీసి చూపింది. వాళ్లు అడిగిన ఏడు మంచి అనుభవాలు ఇవి: ఇంట్లో మనసులో మాట చెప్పుకోగలగడం, కష్టకాలంలో ఇంటివాళ్లు తోడుండటం, ఇంట్లో ఒక పెద్ద దగ్గర భద్రంగా అనిపించడం, స్నేహితుల ఆసరా, బడి మనదే అనిపించడం, తల్లిదండ్రులు కాని ఇద్దరు పెద్దవాళ్లు నిజంగా పట్టించుకోవడం, ఊరి పండుగల్లో ఆనందంగా పాల్గొనడం. ఇందులో ఆరేడు ఉన్నవాళ్లలో డిప్రెషన్, మానసిక ఆరోగ్యం దెబ్బతినడం, రెండో అంతకన్నా తక్కువో ఉన్నవాళ్లతో పోలిస్తే చాలా తక్కువగా ఉంది. కష్టాల మార్కు ఎంతున్నా ఈ తేడా కనిపించింది. జరిగిన కష్టాన్ని మీరు వెనక్కి తీయలేరు. ఈ ఏడింటిలో మూడు నాలుగు మాత్రం వార్డెన్ చేతిలో, టీచరు చేతిలో ఉన్నాయి. బతుకమ్మకు, పీర్ల పండుగకు ఊరికి పోతానంటే లీవు ఇవ్వని హాస్టల్ అందులో ఒకదాన్ని చేజేతులా తీసేస్తున్నట్టే.

ఏం కనిపెట్టాలి

ఐదేళ్లలోపు పిల్లల్లో: కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఎత్తుకోమని చేతులు చాపడం, లేదా ఎవరి దగ్గరికీ రాకపోవడం, వచ్చిన మాటలు మళ్లీ పోవడం, ఆటలో ఒకే కొట్లాటను పదేపదే ఆడటం. మొదటి రెండేళ్లూ ఎంత కీలకమో రొమేనియా అనాథాశ్రమాల మీద 2000లో మొదలైన బుకారెస్ట్ ప్రాజెక్టు చూపించింది. 136 మంది పిల్లల్లో సగం మందిని పెంపుడు ఇళ్లకు ఇచ్చి చూస్తే, రెండేళ్లలోపు ఇంటికి చేరినవాళ్లు చాలా విషయాల్లో ఎక్కువగా కోలుకున్నారు. ఒక మనిషి ఒళ్లో పెరగడానికి ఆ వయసులో సాటి వచ్చేది లేదు. అంగన్‌వాడీలో మాటకు మాట, నవ్వుకు నవ్వు ఇవ్వడం ఆట మాత్రమే కాదు, మెదడుకు మేత.

ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా: కడుపునొప్పి, తలనొప్పి అని తరచూ చెప్పడం, తిండి దాచుకోవడం, ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, మానిన పక్క తడపడం మళ్లీ మొదలవడం. ఆరు నెలలకు పైగా ఆగిపోయి మళ్లీ మొదలైతే రెండు దారులూ చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగరు ఉన్నాయేమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించాలి. ఇంట్లో, హాస్టల్లో ఏదైనా మారిందా అని కూడా చూడాలి. అన్నిటినీ మనసు మీదికి తోసేసి షుగరును వదిలేయడం, లేదా మందులు రాసిచ్చి భయాన్ని వదిలేయడం, రెండూ జరుగుతూనే ఉన్నాయి.

పదమూడు దాటాక: చేతులు కోసుకోవడం, చావు మాటలు, బడి ఎగ్గొట్టడం, గుట్కా, కల్లు, ఒక ఫలానా మనిషి వస్తే మాయమవడం. ఇవేవీ ఒక్కటే రుజువు కాదు. రెండు మూడు కలిసి, కొన్ని వారాలపాటు ఉంటే మెల్లగా మాట్లాడండి.

పిల్లతో మాట్లాడటం

క్లాసులో అందరి ముందు కాదు, తలుపు మూసిన గదిలో ఒంటరిగానూ కాదు. వేపచెట్టు కిందో, వరండా చివరో, అందరికీ కనిపించేటట్టు, ఎవరికీ వినిపించనట్టు కూర్చోండి. ఎదురెదురుగా కన్నా పక్కపక్కన కూర్చోవడం మేలు. చేతికి పని ఇవ్వండి, చిక్కుడుకాయ తుంపడమో, బొమ్మ గీయడమో.

"ఈ మధ్య నీరసంగ కనిపిస్తున్నవ్ బిడ్డా. ఏమన్న చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే ఊకెనే కూసుందాం." ఇంతే చాలు. చెప్పకపోతే వదిలేయండి, మళ్లీ మూడు రోజులకు అదే మాట అనండి. చెప్పేదాకా గుచ్చి గుచ్చి అడగడం, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం మంచి చేయదు. దెబ్బతిన్న మనిషితో బలవంతంగా ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంది. నిద్ర పట్టడం లేదని మత్తు మాత్ర ఇవ్వడమూ అంతే.

"ఎవ్వరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి. "నీకు దెబ్బ తగిలే సంగతైతే, సాయం చేసేవాళ్లకు మాత్రం చెప్పవలసొస్తది. ఎవరికి చెప్తనో ముందు నీకు చెప్తా" అనండి. ఈ ఒక్క వాక్యం తర్వాత వచ్చే సగం గొడవలను ఆపుతుంది.

లైంగిక హింస గురించి పిల్ల నోరు విప్పితే

ఇక్కడ తొందరా వద్దు, ఆలస్యమూ వద్దు. అడగవలసినవి రెండే ప్రశ్నలు: "ఏమైంది?", "తర్వాత?" "మీ బాబాయి ఏమన్న చేసిండా?" అని పేరు మీరే అందిస్తే రేపు కోర్టులో ఆ మాట పిల్లకే అడ్డం వస్తుంది. "ఇన్నిరోజులు ఎందుకు చెప్పలె?" అన్నది ప్రశ్నలా కనిపించే తిట్టు. "చెప్పి మంచి పని చేసినవ్. ఇందుల నీ తప్పు లేదు" అనండి. మీ ముఖంలో కోపం, ఏడుపు కనిపిస్తే పిల్ల ఆగిపోతుంది.

ఆ వెంటనే నోటుబుక్కులో తేదీ, టైము, ఎవరెవరున్నారో రాసి, పిల్ల మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయండి. "మామ నన్ను చెడుగ ముట్టిండు" అంటే అదే రాయాలి. "లైంగిక దాడి జరిగినట్లు విద్యార్థిని తెలిపినది" అని ఆఫీసు భాషలోకి మార్చొద్దు. ఏ భాగం అని మీరు అడిగి రాయొద్దు, ఆ పని డాక్టరుది, పోలీసులది.

చెప్పవలసింది పోలీసులకు, 112కు గానీ, 1098 బాలల హెల్ప్‌లైన్‌కు గానీ. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా చెప్పి తీరాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు, సంస్థ బాధ్యుడు దాస్తే ఏడాది దాకా. ముందు హెడ్‌మాస్టరుతో, ఆయన ఎంఈఓతో, ఆయన డీఈఓతో మాట్లాడుకునే వరస చట్టంలో లేదు. పెద్దమనుషుల పంచాయితీలో పైసలకు రాజీ చేయడం అంతకన్నా లేదు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, పిల్లకు నచ్చిన చోటో, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే, పక్కన పిల్ల నమ్మే మనిషి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామని ఆసుపత్రి అనకూడదు.

జరిగి మూడు రోజులు దాటకపోతే ఆసుపత్రికి పోవడం ఆపకండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత ముందైతే అంత మంచిది. స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా, ఆ బట్టలను ప్లాస్టిక్ కవర్లో కాక కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌లో తేమకు సాక్ష్యం పాడవుతుంది. మన దగ్గర తల్లి మొదట చేసే పని పిల్లకు తలస్నానం చేయించడం. అది ప్రేమతో చేసేదే. ఆమెను తప్పుపట్టకుండా మెల్లగా ఆపాలి.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ పిల్లను బడిలో "అయ్యో పాపం" అన్నట్టు చూడకండి. హాజరు పిలిచినట్టే పిలవండి, హోంవర్కు కొంచెం తగ్గించండి, పేరు బయటికి పొక్కనీయకండి.

అమ్మానాయన వలసపోయినప్పుడు

పోయేరోజు పిల్ల నిద్రపోతుండగా బస్సెక్కడం మన దగ్గర మామూలు. ఏడుపు చూడలేక చేస్తారు. దాని ఫలితం నెలల తరబడి అవ్వ మీద పడుతుంది. కళ్లు మూస్తే మనుషులు మాయమవుతారని నేర్చుకున్న పిల్ల నిద్రకు పేచీ పెడుతుంది, అవ్వ దొడ్లోకి పోయినా వెంటపడుతుంది. దానికన్నా నాలుగైదు రోజుల ముందే చెప్పండి: ఎక్కడికి పోతున్నారు, ఏం పని, ఎవరి దగ్గర ఉంటావు, ఎప్పుడొస్తాం. పిల్లను ఏడవనీయండి. మెలకువగా ఉండగా ఎత్తుకొని వీడ్కోలు చెప్పి పోండి. అమ్మ పాత చీర ఒకటి ఉతకకుండా పిల్లకు వదిలి వెళ్లడం చిన్నపిల్లలకు బాగా పనిచేస్తుంది.

ఫోను రోజూ వద్దు అనుకుంటే వారానికి రెండు రోజులు ఖాయం చేయండి. బుధవారం, ఆదివారం రాత్రి ఏడున్నరకు అంటే ఏడున్నరకే. ఎప్పుడు వీలైతే అప్పుడు చేస్తే పిల్ల రోజంతా ఫోను చుట్టూ తిరుగుతుంది. మాట్లాడేటప్పుడు "మంచిగ చదువుతున్నవా, అవ్వను సతాయిస్తలేవు కదా" దగ్గర ఆగిపోకండి. "ఈరోజు ఏం కూర తిన్నవ్, ఎవరితో ఆడినవ్" అని అడగండి. "వచ్చే వారం వస్తా" అని ఊరడింపుకు అబద్ధం చెప్పొద్దు. ఉగాదికి వచ్చేటట్టుంటే గోడ క్యాలెండర్‌లో ఉగాది చుట్టూ గీత గీసి, రోజుకొక గడి పిల్లతోనే కొట్టించండి. ఉగాదికి రాలేకపోతే ఆ సంగతి ముందురోజు కాదు, తెలిసిన రోజే చెప్పండి.

పిల్లలను వెంట తీసుకుపోవలసివస్తే బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, టీకాల కార్డు తీసుకెళ్లాలి. ఊళ్లో వలస కాలంలో పిల్లలను ఉంచుకునే సమగ్ర శిక్షా సీజనల్ హాస్టల్ నడుస్తుంటే తల్లిదండ్రులు బయల్దేరకముందే పేరు రాయించాలి, పోయాక అవ్వ ఒక్కతే ఆ కాగితాలు తేలేదు. తండ్రి చనిపోయిన పిల్లలకు, బంధువుల ఇంట్లో పెరిగే అనాథలకు, మంచాన పడ్డ తల్లిదండ్రుల పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఇంటి ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. దీని గురించి తెలిసినవాళ్లు ఊళ్లో ఒకరిద్దరు కూడా ఉండరు, అందుకే టీచరు చెప్పవలసి వస్తుంది.

తాగుడు ఇంట్లో ఉంటే

పిల్ల చేత తండ్రికి నీతులు చెప్పించకండి. ఆ దెబ్బ తిరిగి పిల్ల మీదే పడుతుంది. తండ్రి తాగొచ్చిన రాత్రి పిల్ల ఎక్కడికి పోవాలో ముందే తేల్చిపెట్టండి. ఏ ఇల్లు, ఏ దారి, ఎవరిని లేపాలి. తమ్ముడిని ఎవరు ఎత్తుకోవాలి. ఏ నంబరుకు చేయాలి, 112నా, 181 మహిళా హెల్ప్‌లైన్‌కా. పగటిపూట ఒకసారి ఆ దారిన నడిపించండి. చీకట్లో భయంతో కొత్త దారి దొరకదు. తల్లి సాయం కోరితే, హింస ఎదుర్కొనే ఆడవాళ్లను ఆదుకునే జిల్లా సఖి కేంద్రం ఉంది.

మా వైపు ఇంకో చిక్కుంది. కొన్ని కల్లు దుకాణాల్లో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. వాటికి అలవాటు పడ్డ మనిషిని కోపంతో ఒక్క రోజులో మాన్పిస్తే రెండు మూడు రోజులకు వణుకు, మూర్ఛ, లేనివి కనిపించడం మొదలవుతాయి. పిల్లల కళ్లముందే తండ్రి నురగ కక్కుతూ పడిపోతాడు. ఊరివాళ్లు గాలి సోకిందని తీసుకెళ్తారు. మాన్పించే పని మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల మానసిక విభాగంలో, డాక్టరు చూస్తుండగా, మోతాదు తగ్గించుకుంటూ చేయాలి.

బెత్తం, గోడకుర్చీ

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇంట్లో దెబ్బలు తినే పిల్లను బడిలో కొడితే ఏమవుతుందో ఆలోచించండి. ఎక్కడికి పోయినా కాపలా కాయాలని ఆ పిల్ల మెదడుకు రుజువు దొరుకుతుంది. మొండికేసినప్పుడు గొంతు పెంచకుండా, రెండడుగుల దూరంలో, తక్కువ ఎత్తులో కూర్చొని చిన్న మాటలు చెప్పండి. రెండు దారులు ఇవ్వండి: "ఇక్కడ కూసుంటవా, కిటికీ దగ్గరనా?" శిక్ష ఇవ్వాలనుకుంటే అరగంట ఆగి, తప్పుకు సంబంధించిందే ఇవ్వండి. పుస్తకం చింపితే అట్ట వేయించడం, నీళ్లు పారబోస్తే తుడిపించడం.

ఊపిరి సాధన చాలామంది తప్పుగా వాడతారు. పిల్ల అరుస్తున్నప్పుడు "ఊపిరి పీల్చు" అంటే ఎక్కదు. ప్రార్థన తర్వాత అందరితో రోజూ రెండు నిమిషాలు చేయించండి: నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నోటితో వదలడం. వదిలేది ఎక్కువసేపుండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. నెల రోజులు అలవాటైన తర్వాతే అది కోపంలో గుర్తొస్తుంది. కళ్లు మూయమని ఒత్తిడి చేయకండి, కొందరు పిల్లలకు కళ్లు మూస్తేనే భయం.

హాస్టల్ రాత్రులు

హాస్టల్లో ఎక్కువ గండాలు రాత్రి తొమ్మిది తర్వాతే. దీపాలు ఒక్కసారిగా ఆర్పకుండా మొదట పెద్ద లైట్లు, పావుగంటకు చిన్నవి ఆర్పండి. బాత్రూం దారిలో ఒక బల్బు తెల్లారేదాకా వెలగనివ్వండి. పక్క తడిపే పిల్లలకు పడుకునే రెండు గంటల ముందు నీళ్లు తగ్గించి, పగలు ఎక్కువ తాగించండి. నిద్రకు ముందు బాత్రూంకు పంపండి. పరుపు మీద, దుప్పటి కింద ప్లాస్టిక్ షీటు వేయండి, అదనపు దుప్పటి, లంగా లేదా నిక్కరు మంచం కింద డబ్బాలో పెట్టండి. తడిస్తే పిల్ల తనే మార్చుకొని, మూతున్న బకెట్లో వేసి పడుకుంటుంది. పొద్దున ఆ బకెట్ సంగతి ఆయా ఒక్కతే చూసుకోవాలి. తడిసిన దుప్పటిని వరండాలో అందరికీ కనిపించేటట్టు ఆరవేసే హాస్టల్లో ఆ జబ్బు ఏళ్లకొద్దీ పోదు.

వార్డెన్ కూడా మనిషే. రాత్రంతా మేల్కొని పొద్దున వంటసరుకు లెక్కలు చూసే మనిషికి ఓపిక అయిపోతుంది. పిల్ల గొడవ చేసినప్పుడు మీ చేతులు వణుకుతుంటే పక్కన పనిచేసేవాళ్లకు అప్పజెప్పి పది నిమిషాలు బయటికి పోండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

చావు గురించి మాట్లాడితే, చేయి కోసుకుంటే, లేనిది వినిపిస్తుందంటే, తిండి మానేస్తే ఆరోజే. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడిగితే ఆలోచన పుట్టుకొస్తుందనేది అపోహ, అడగడమే మేలు. ఇంట్లో పురుగుమందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో, పొలం దగ్గర పెట్టించండి. మా వైపు ఈ ఒక్క పనికి చాలా విలువుంది. మానసిక సాయం ఇచ్చే ఫోను లైను టెలీ మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పీడకలలు, భయం, హింస జరిగిన చోటికి పోకపోవడం నెల దాటినా తగ్గకపోతే మనసుకు తగిలిన గాయం మీద పనిచేసే ప్రవర్తనా చికిత్స ఉంది. మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు, పిల్లతో పాటు సాకేవాళ్లు కూడా కూర్చోవాలి. ఆడుకునే వయసు పిల్లకు నాలుగో సిట్టింగుకే నవ్వు వస్తే "నయమైంది" అని మాన్పిస్తుంటారు. అక్కడే తిరగబెడుతుంది.

ఇవన్నీ చదువుతూ తన చిన్నతనాన్ని గుర్తు చేసుకునే పెద్దవాళ్లుంటారు. గుర్తున్నదీ జరిగిందీ ఒకటే కావని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్నప్పుడు నమోదైన హింసను పెద్దయ్యాక సగానికి పైగా మంది చెప్పరు. పెద్దయ్యాక చెప్పేవాళ్లలో సగానికి పైగా మందికి అప్పటి నమోదు లేదు. అందుకని మార్కు ఎంతొచ్చిందో వెతుక్కోవడం కన్నా ఇప్పుడున్న వాటిని పట్టుకోండి: నిద్ర, బీపీ, షుగరు, తాగుడు, పిల్లల మీద చేయి లేవడం. బీపీకి మందు రాసే డాక్టరుకు "చిన్నప్పుడు ఇంట్లో చాలా గొడవలుండేవి, నిద్ర పట్టదు" అని ఒక్క వాక్యం చెప్పండి. అది విన్న డాక్టరు మాత్రలతో పాటు మానసిక విభాగానికి చీటీ కూడా రాయగలడు.